కంప చెట్టుకు ఎదురు నిలిచే గొలుసు రంపం: ఇంజను మార్పులతో పనితనం పెరుగుతుందా?

మెట్ట ప్రాంతాల్లో నాటడానికి ప్రొసోపిస్ జూలిఫ్లోరా విత్తనాలు తెప్పించవలసిందని కోరుతూ 1876లో మద్రాసు అటవీశాఖాధికారి లెఫ్టినెంట్ కల్నల్ ఆర్.హెచ్. బెడ్డోమ్ రెవెన్యూ శాఖకు లేఖ రాశారు. జమైకా నుంచి వచ్చిన ఆ విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురం అటవీ భూమిలో నాటారు. మన దేశంలో ఈ చెట్టు చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. నేడు దానిని సర్కారు తుమ్మ అనీ, సీమ తుమ్మ అనీ, కేవలం కంప చెట్టు అనీ పిలుస్తున్నాం. కరవు నాళ్ళలో వంటచెరకు కోసం వచ్చిన చెట్టు చెరువులనూ వంకలనూ బీడు భూములనూ ఆక్రమించింది. దానిని నరకడం కర్నూలు, కడప ప్రాంతాల గ్రామాల్లో ఒక జీవనోపాధిగా మారింది. గొడ్డలి చేసిన పనిని ఇప్పుడు చైన్ సా అని వ్యవహరించే గొలుసు రంపం చేస్తున్నది.

కంప చెట్టు కలప గట్టిది. కాండాలు నేలకు చేరువగా గుంపులుగా లేస్తాయి గనుక కోత మట్టిని ఆనుకొని సాగుతుంది. ఎండిన మొద్దులో పళ్ళు త్వరగా మొద్దుబారతాయి. రంపం ‘లాగడం లేదు’ అన్న మాట అప్పుడే వినిపిస్తుంది. యజమాని దానిని మెకానిక్కు దగ్గరకు తీసుకుపోతాడు. సైలెన్సరుకు రంధ్రం పెద్దది చేయడం, సిలిండరు అడుగున ఉండే గాస్కెట్ తీసివేయడం, గాలి వడపోతను తొలగించడం, కార్బురేటరు స్క్రూ బిగించడం వంటి మార్పులు జరుగుతాయి. రంపం గట్టిగా అరుస్తుంది. అరుపు పెరిగితే బలం పెరిగిందన్న భ్రమ కలుగుతుంది. కొన్నాళ్ళకు పిస్టన్ పట్టేస్తుంది. అద్దెకు కోత కోసే చిన్న కుటుంబానికి అది ఒక సీజను ఆదాయాన్ని పోగొట్టగల దెబ్బ.

ఇంజనును మార్చకూడదని ఈ వ్యాసం చెప్పదు. ఏ మార్పు ఎందువల్ల పనిచేస్తుంది, రాయలసీమ ఎండలో, దుమ్ములో దాని మూల్యమెంత, ఏ క్రమంలో చేపట్టాలి అన్న విషయాలను విస్తరణ శాస్త్రవేత్తల, విద్యార్థుల పరిశీలనకు ఉంచుతుంది.

ఇంజను పనిచేసే తీరు

గొలుసు రంపంలో ఉండేది రెండు స్ట్రోకుల ఇంజను. దీని సిలిండరులో కవాటాలు ఉండవు. పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ సిలిండరు గోడలోని ద్వారాలను తానే మూస్తుంది, తానే తెరుస్తుంది. కాలిన వాయువు ఒక ద్వారం గుండా బయటకు పోతుండగానే, క్రాంక్ గదిలోని కొత్త మిశ్రమం బదిలీ ద్వారాల గుండా లోపలికి వస్తుంది. ఈ రెండూ కొంతసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. అందువల్ల సాధారణ నమూనాల్లో కొత్త మిశ్రమంలో పాతిక నుంచి ముప్పై శాతం దాకా కాలకుండానే బయటకు పోగలదు. ద్వారాల ఎత్తు, వెడల్పు, సైలెన్సరు లోపలి ఒత్తిడి కలిసి ఈ నష్టాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో ఒకదానిని మార్చితే మిగిలినవి కూడా ప్రభావితమవుతాయి.

ఇంకొక ముఖ్య లక్షణం కందెన. ఈ ఇంజనుకు ప్రత్యేకమైన నూనె తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన టూటీ నూనెయే బేరింగులకూ పిస్టనుకూ కందెన. కాబట్టి మిశ్రమంలో పెట్రోలు తగ్గితే వేడి పెరగడమే గాక కందెన కూడా తగ్గుతుంది. పిస్టన్ పట్టేయడానికి ఈ రెండు దెబ్బలు కలిసి రావడమే ప్రధాన కారణం. గొలుసు రంపాల సిలిండరు సాధారణంగా అల్యూమినియంతో చేసి, లోపల పలుచని గట్టి లోహపు పూత వేస్తారు. పూత గీసుకుపోతే పాత స్కూటరు ఇంజనులా బోరు కొట్టించి మళ్ళీ వాడుకునే వీలు సాధారణంగా ఉండదు. సిలిండరు, పిస్టన్ రెండూ కొత్తవి వేయవలసిందే.

సీమ ఎండ చేసే మార్పు

గాలి వేడెక్కితే పలుచబడుతుంది. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న గాలితో పోల్చితే, మే మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 9 శాతం తక్కువ. సిలిండరులోకి వెళ్ళే ప్రాణవాయువు అదే మేరకు తగ్గుతుంది. ఇంజను బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఇది యంత్రంలోని లోపం కాదు, ప్రకృతి ధర్మం.

కార్బురేటరు ఈ మార్పును పూర్తిగా సరిచేయలేదు. గాలి పలుచబడినంతగా పెట్రోలు తగ్గదు. సాంద్రత వర్గమూలాన్ని అనుసరించి మాత్రమే తగ్గుతుంది. ఫలితంగా వేసవిలో మిశ్రమం నాలుగైదు శాతం చిక్కబడుతుంది. రంపం బరువుగా, పొగతో నడుస్తుంది. అప్పుడు మెకానిక్కు హెచ్ అక్షరం గల స్క్రూను బిగించి పెట్రోలు తగ్గిస్తాడు. వేగం పెరుగుతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ అమరికతోనే చలికాలపు ఉదయం కోతకు దిగితే, దట్టమైన గాలికి పెట్రోలు చాలదు. మేలో సరిగా ఉన్న స్క్రూ డిసెంబరులో పిస్టనుకు ప్రమాదం తెస్తుంది.

వేడిని బయటకు పంపే శక్తి కూడా ఎండలో తగ్గుతుంది. సిలిండరు రెక్కలు 200 డిగ్రీల వద్ద ఉన్నాయనుకుందాం. గాలి 25 డిగ్రీలుంటే తేడా 175. గాలి 45 డిగ్రీలుంటే తేడా 155. ఫ్లైవీలు అంతే గాలి విసిరినా, తీసుకుపోయే వేడి పదో వంతుకు మించి తగ్గుతుంది. రెక్కల మధ్య నూనెతో కలిసిన రంపపు పొట్టు గడ్డకట్టి ఉంటే పరిస్థితి మరింత విషమిస్తుంది.

వీటికి తోడు ఎథనాల్. మన దేశంలో పెట్రోలులో ఎథనాల్ వాటా 2025 నాటికి 20 శాతానికి చేరింది. శుద్ధ పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఎథనాలుకు 9 కిలోలే చాలు. 20 శాతం మిశ్రమానికి ఈ సంఖ్య 13.5 దగ్గర ఉంటుంది. అంటే అదే గాలికి సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం అందించాలి. కార్లలో ఇంధన సరఫరాను కంప్యూటరు సరిచేస్తుంది. రంపపు కార్బురేటరులో ఆ పని మనిషే స్క్రూతో చేయాలి. ఎథనాల్ లేని పెట్రోలుకు, వేసవి మధ్యాహ్నం అమర్చిన పాత రంపాన్ని నేటి పెట్రోలుతో చలి ఉదయాన నడిపితే, అవసరమైన దానికంటే పన్నెండు శాతం దాకా ఇంధనం తక్కువ పడినట్టే. అదీగాక, చాలా రంపాల వాడుక పుస్తకాలు 10 శాతం ఎథనాల్ వరకే అనుమతిస్తాయి. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటరు పొరలు ఎథనాలుకు ఉబ్బి, గట్టిపడి, పగులుతాయి. వాటిని ముందుగా మార్చడమే నేటి కాలపు మొదటి ఇంజను మరమ్మతు.

వాడుకలో ఉన్న మార్పులు, వాటి మంచి చెడ్డలు

సైలెన్సరు ద్వారం పెంచడం: ఇంజను మార్పుల్లో దీని వల్ల ఫలితం వచ్చే అవకాశం ఎక్కువ. చాలా రంపాల్లో సైలెన్సరు బయటి రంధ్రం సిలిండరు ఎగ్జాస్ట్ ద్వారం కంటే బాగా చిన్నదిగా ఉంటుంది. దానిని కొంత పెంచితే కాలిన వాయువు తేలికగా బయటపడుతుంది, వేడి తగ్గుతుంది. అయితే రంధ్రం మొత్తం వైశాల్యం ఎగ్జాస్ట్ ద్వారంలో మూడు వంతులను మించరాదు. వాయువు తేలికగా పోయినప్పుడు ఇంజను ఎక్కువ గాలి పీల్చుతుంది. అందుకు తగినట్టు హెచ్ స్క్రూను వదులు చేసి పెట్రోలు పెంచాలి. ఈ రెండో అడుగు వేయని సందర్భాల్లోనే పిస్టన్లు పోతాయి. నిప్పురవ్వలను ఆపే జాలీని ఏ పరిస్థితిలోనూ తీయకూడదు. ఎండిన గడ్డి మధ్య, నల్లమల, లంకమల అంచుల్లో పనిచేసే రంపం నుంచి ఒక్క రవ్వ చాలు, కొండ తగలబడడానికి.

శబ్దం గురించి కూడా ఆలోచించాలి. గొలుసు రంపం సహజంగానే 100 డెసిబెళ్ళకు పైగా శబ్దం చేస్తుంది. 85 డెసిబెళ్ళ వద్ద రోజుకు 8 గంటలు పనిచేయవచ్చునని, ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకూ ఆ సమయం సగానికి తగ్గాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. ఆ లెక్కన 100 డెసిబెళ్ళకు అనుమతించే సమయం 15 నిమిషాలే. సైలెన్సరు తెరిచిన రంపాన్ని చెవులకు రక్షణ లేకుండా రోజంతా పట్టుకొనే మనిషి వినికిడినే మూల్యంగా చెల్లిస్తున్నాడు.

అడుగు గాస్కెట్ తీసివేయడం: గాస్కెట్ మందం సుమారు అర మిల్లీమీటరు. దానిని తీస్తే సిలిండరు అంత కిందికి దిగుతుంది, కుదింపు పెరుగుతుంది. లెక్క కోసం 45 మిల్లీమీటర్ల వ్యాసం, 58 సీసీ ఇంజనును తీసుకుందాం. అర మిల్లీమీటరు తగ్గితే దహన గది 0.8 సీసీ చిన్నదవుతుంది. కుదింపు నిష్పత్తి మొత్తం స్ట్రోకు లెక్కన 10 ఉన్నదనుకుంటే, అది 11 దాటుతుంది. దీనితో తక్కువ వేగంలో లాగే బలం పెరుగుతుంది. కాని ద్వారాలు కూడా కిందికి దిగుతాయి గనుక ఎగ్జాస్ట్ ఆలస్యంగా తెరుచుకొని, అధిక వేగంలో బలం తగ్గవచ్చు. పిస్టన్ అంచుకూ సిలిండరు తలకూ మధ్య కనీసం అర మిల్లీమీటరు ఎడం మిగలాలి. మెత్తని సీసపు తీగను స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా పెట్టి, ఇంజనును చేతితో తిప్పి, నలిగిన తీగ మందాన్ని కొలిస్తే ఎడం తెలుస్తుంది. ఈ కొలత తీసుకోకుండా గాస్కెట్ తీయడం జూదమే. 42 డిగ్రీల ఎండలో కుదింపు పెంచిన ఇంజను అకాల దహనానికి లోనై, పిస్టన్ తల గుంటలు పడే ప్రమాదం ఉంటుంది.

ద్వారాలను అరగదీయడం: ఎగ్జాస్ట్ ద్వారం పైఅంచును పెంచితే అధిక వేగంలో బలం వస్తుంది, కింది వేగంలో లాగుడు పోతుంది. గట్టి కలపకు కావలసింది దీనికి విరుద్ధం. వెడల్పు ఎక్కువైతే పిస్టన్ రింగు ద్వారంలో చిక్కుకొని విరుగుతుంది. డిగ్రీ చక్రం, సూక్ష్మ కొలత పరికరాలు లేనిచోట ఈ పనికి పూనుకోరాదు. అరగదీసిన లోహం తిరిగి రాదు.

జ్వలన సమయాన్ని ముందుకు జరపడం: ఫ్లైవీలు కీని అరగదీసి స్పార్కును కొన్ని డిగ్రీలు ముందుకు తెస్తారు. వేడి పెరుగుతుంది, తాడు లాగేటప్పుడు చేతికి వెనుదెబ్బ తగులుతుంది. మన వేసవికి ఇది పనికిరాదు.

గాలి వడపోత తొలగించడం: ఇది మార్పు కాదు, విధ్వంసం. వడపోత పూడుకుంటే మిశ్రమం చిక్కబడి బలం తగ్గుతుంది. తీసివేస్తే బలం వచ్చినట్టు కనిపించేది అందుకే. కాని ఎర్ర నేలల దుమ్ములోని సిలికా రేణువులు సిలిండరు పూతను ఆకురాయిలా గీకుతాయి. వడపోతను ప్రతి పెట్రోలు నింపకానికీ దులిపి, సాయంత్రం సబ్బు నీటిలో కడిగి పూర్తిగా ఆరబెట్టుకుంటే అదే బలం ఉచితంగా లభిస్తుంది.

పంటి దగ్గర మొదలయ్యే పనితనం

గొలుసు రంపం చరిత్రలోనే ఒక పాఠం ఉంది. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్ రంపాన్ని, 1929లో పెట్రోలు రంపాన్ని రూపొందించారు. ఇంజనులు క్రమంగా తేలికపడ్డాయి గాని, గొలుసు పళ్ళు మాత్రం చేతి రంపపు పళ్ళలాగే కలపను గీకుతూ వచ్చాయి. 1946లో అమెరికాలోని ఓరెగన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కోత పనివాడు, మొద్దును తొలిచే పెంకుపురుగు డింభకం దవడలను గమనించారు. అది కలపను గీకడం లేదు, ఎడమకూ కుడికీ మార్చి మార్చి చెక్కుతున్నది. ఆ తీరును అనుకరించిన గొలుసు 1947లో అమ్మకానికి వచ్చింది. నేటి గొలుసులన్నింటికీ మూలం అదే. ఇంజనులో ఏమీ మార్చకుండానే కోత వేగం మారిందన్నది గమనించదగినది.

కనుక మొద్దుబారిన పంటిని ఇంజను బలంతో నెట్టడం కంటే పంటికి పదును పెట్టడం మేలు. వాడుకలో ఉన్న 0.325 అంగుళాల గొలుసుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. మెత్తని పచ్చి కలపకు 30 డిగ్రీల కోణం వాడతారు. ఎండిన కంప మొద్దుకు 25 డిగ్రీలైతే అంచు ఎక్కువసేపు నిలుస్తుంది. లోతును నియంత్రించే ముందరి గూటం పంటి కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందుగా ఉండాలి. దానిని అతిగా అరగదీస్తే రంపం ఎగిరి కోతగాని ముఖానికి రాగలదు. చదరపు మొన గల పంటి కంటే మొన గుండ్రపు పన్ను మట్టి తగిలే కోతకు అనువైనది. కోత పొట్టు పొడిలా కాక పేలికలుగా రాలుతుంటే పదును ఉన్నట్టు. పిండిలా రాలితే పని ఆపి ఆకురాయి తీయాలి.

బార్ పొడవు రెండో విషయం. 58 సీసీ రంపాలకు 22 అంగుళాల బార్ బిగించి అమ్మడం పరిపాటి. చేతి లావు, తొడ లావు కంప కాండాలకు అంత పొడవు అనవసరం. 16 లేదా 18 అంగుళాల బార్ వేస్తే గొలుసు రాపిడి తగ్గి, ఆ బలం కోతకు మిగులుతుంది. మొన చాలా దూరంలో ఉండి పక్క కాండానికి తగిలి ఎదురు తన్నే ప్రమాదం కూడా తగ్గుతుంది.

గొలుసును తిప్పే పళ్ళ చక్రం మూడోది. 7 పళ్ళ చక్రం, 0.325 అంగుళాల గొలుసు ఉన్న రంపం నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే గొలుసు సెకనుకు సుమారు 19 మీటర్లు పరుగెడుతుంది. 8 పళ్ళ చక్రం వేస్తే వేగం పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. గట్టి కలపకు 7 పళ్ళే సరైనవి. ఇది ఎద్దుల బండికి బరువును బట్టి ఎద్దులను ఎంచుకోవడం వంటిది.

అనుసరించవలసిన క్రమం

1. గొలుసుకు పదును, గూటం ఎత్తు, బార్ గాడి, బార్ నూనె ప్రవాహం సరిచూడాలి.
2. కలపకు తగిన బార్ పొడవును ఎంచుకోవాలి.
3. వడపోతను, సిలిండరు రెక్కలను శుభ్రపరచాలి. స్పార్క్ ప్లగ్‌ను పరీక్షించాలి. లేత ఇటుక రంగు మంచి సూచన, తెల్లని రంగు పెట్రోలు తక్కువైనదానికి గుర్తు.
4. పాతబడిన ఇంధన గొట్టాన్ని, కార్బురేటరు పొరలను మార్చాలి.
5. వాడుక పుస్తకం చెప్పిన పాళ్ళలో నాణ్యమైన టూటీ నూనె కలపాలి. 50 పాళ్ళకు ఒక పాలు అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కు ఒకటి అంటే 40 మిల్లీలీటర్లు. ఎథనాల్ తేమను పీల్చుతుంది గనుక కలిపిన పెట్రోలును నెల దాటి నిల్వ ఉంచరాదు.
6. కార్బురేటరును ఆ కాలపు ఉష్ణోగ్రతకు సరిచేయాలి. బరువు లేకుండా పూర్తి వేగంలో ఇంజను కాస్త తడబడుతూ గరగరలాడాలి. మొద్దులో దిగగానే ఆ గరగర తొలగి శబ్దం నున్నబడాలి. బరువు లేనప్పుడే ఈలలా సన్నగా అరిస్తే పెట్రోలు తక్కువని అర్థం. వేసవి ఆరంభంలో, చలికాలం ఆరంభంలో ఈ పరీక్ష తప్పనిసరి.
7. ఇవన్నీ చేసిన తరువాత కూడా బలం చాలకపోతే, జాలీ ఉంచి సైలెన్సరు ద్వారాన్ని మితంగా పెంచి, ఆరో అంశాన్ని మళ్ళీ చేయాలి.
8. గాస్కెట్, ద్వారాల మార్పులు కొలత పరికరాలున్న ప్రయోగశాలలకే పరిమితం కావాలి.

కొలిచి నిర్ణయించాలి

ఏ మార్పు అయినా లాభమో కాదో చెవి చెప్పలేదు, కొలత చెప్పాలి. ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒకే చెట్టు నుంచి వచ్చిన 20 సెంటీమీటర్ల మొద్దును తీసుకుంటే ఒక్కో కోత వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. ఇంజనును అయిదు నిమిషాలు వేడెక్కించి, పది కోతలకు పట్టిన సమయాన్ని, కొలపాత్రతో ఇంధనాన్ని నమోదు చేయాలి. మార్పుకు ముందు, తరువాత, మళ్ళీ తరువాత, మళ్ళీ ముందు అన్న వరుసలో ప్రయోగం సాగితే మొద్దులోని తేడా, ఎండ పెరుగుదల ఫలితాన్ని తారుమారు చేయవు. ప్రతి విడతకూ గొలుసుకు ఒకే రకమైన పదును ఉండాలి. లేకుంటే పదునులోని తేడానే ఇంజనులోని తేడాగా భ్రమిస్తాం. సెకనుకు ఎన్ని చదరపు సెంటీమీటర్లు కోసింది, చదరపు మీటరుకు ఎన్ని మిల్లీలీటర్లు తాగింది అన్న రెండు సంఖ్యలతో పాటు గాలి ఉష్ణోగ్రత, కలప తేమ కూడా రాసుకోవాలి. మడకశిర వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థులకు ఇది తగిన ప్రాజెక్టు అంశం. బనవాసి, యాగంటిపల్లె, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో పదును పెట్టడం, కార్బురేటరు సరిచేయడం మీద ఒక పూట శిక్షణ ఏర్పాటు చేస్తే కోత పనివారికి నేరుగా మేలు కలుగుతుంది. ముదురు మామిడి తోటల పునరుద్ధరణకు కొమ్మలు కోసే రైతులకూ, ఎండిపోయిన చీనీ తోటలను తొలగించే వారికీ అదే శిక్షణ అక్కరకు వస్తుంది.

చట్టం మాట కూడా శిక్షణలో భాగం కావాలి. చెట్ల నరికివేతను 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం నియంత్రిస్తుంది. అటవీ నేరానికి వాడిన పనిముట్లను 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద జప్తు చేయవచ్చు. ఎర్రచందనం పెరిగే కడప కొండల చేరువలో రంపంతో తిరిగే కూలీ, తాను ఏ భూమిలో, ఎవరి అనుమతితో కోస్తున్నాడో తెలిపే కాగితం వెంట ఉంచుకోవడం క్షేమం.

ఒక హెచ్చరికతో ముగించాలి. కంప చెట్టును ఎంత వేగంగా కోసినా మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. వేరుతో తీయని భూమిలో కోత పని ఏటేటా తిరిగి వస్తుంది. కాబట్టి కోతగానికి కావలసింది ఒక్క రోజు ఎక్కువగా అరిచే రంపం కాదు, వచ్చే ఏడాదికి కూడా మిగిలి ఉండే రంపం. లీటరు పెట్రోలుకు ఎంత కలప తెగింది, ఒక సిలిండరు ఎన్ని సీజన్లు నిలిచింది అన్నవే దాని పనితనానికి నిజమైన కొలతలు.